మడతలో పెట్టిన మాట

ఈ మధ్య ఒక డిజైన్ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, పిలిచేవాళ్లే తక్కువ, కాదనడానికి నాకేం పొగరు? కుర్రకారు పత్రిక తెరవగానే కళ్లు ఎక్కడ ఆగుతాయి, పేజీలో ఎంత ఖాళీ వదలాలి, బొమ్మలో మనిషి చూపు ఎటు తిరిగి ఉండాలి, ఇవన్నీ గంటసేపు చెప్పాను. పిల్లలు బాగానే విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, మీరు చేసినవాటిలో బాగా పనిచేసిన పేజీ ఏది మేడమ్ అని అడిగింది. నాకు వెంటనే ఒక పేజీ గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఇంకేదో పేజీ సంగతి చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. పేజీలు చేసుకుని బతుకుదామనుకునే వాళ్లు మీలో ఎవరైనా ఉంటే చదవండి. చదివి జాగ్రత్తపడతారన్న ఆశ నాకైతే లేదు. నాకూ ఎవరూ చెప్పకపోలేదు.

మాది ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం నడిచిన పక్షపత్రిక. నగరం మధ్యలో ఉన్న ఆఫీసును ఎత్తేసి శంషాబాద్‌కు తెచ్చారు. హైవే మీద బస్సు దిగి టైర్ల దుకాణం పక్క సందులోకి తిరిగితే మా మేడ. పైన మేం, కింద ప్యాకింగ్. ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకాలకు కింద చిరునామాలు అంటించి, కట్టలు కట్టి పంపేవాళ్లు. విమానాలు మా నెత్తిమీదుగానే దిగేవి. మొదటి నెలంతా చిన్నపిల్లల్లా కిటికీలకు అతుక్కుపోయాం. తర్వాత విమానం వస్తే మాట ఆపడం, అది పోయాక మళ్లీ అందుకోవడం అలవాటైపోయింది.

అప్పటికే పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి. పత్రిక చూస్తుండగానే సన్నబడిపోతోంది. పేజీలు తగ్గాయి, మనుషులు తగ్గారు, మీటింగులు మాత్రం పెరిగాయి. రాసేవాళ్ల పని రాయడం. నా పని ఫోను వైపు పోబోతున్న కంటిని పట్టుకుని ఆపడం. పసుపు పట్టీలు, ఏటవాలు శీర్షికలు, చిన్నచిన్న పెట్టెల్లో చిన్నచిన్న ముక్కలు, పెద్ద ఫొటో, ఫొటో చుట్టూ బోలెడంత ఖాళీ. ఎడిటర్ గారు పెద్దాయన, మెత్తని మనిషి. ఇంత ఖాళీ ఎందుకమ్మా, ఇక్కడో చిన్న కవిత పట్టేది కదా అని బాధపడేవారు.

నాకు పని నేర్పిన పాతకాలపు ఆర్టిస్టు ఒక పద్ధతి చెప్పాడు. పేజీని చదివే వయసున్న మనిషి ముందు తెరువు, మనసులో మూడు లెక్కపెట్టు, మూసెయ్. ఏం గుర్తుందో అడుగు. వాళ్లకు గుర్తులేనిది పేజీలో లేనట్టే, అది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే అనేవాడు. ఉద్యోగమంతా ఆ మూడు లెక్కల మీదే బతికాను. ప్రింటౌట్లు తీసి, మడిచి, పిన్నులు కొట్టి, అచ్చు పుస్తకంలాగే చేసుకుని, దొరికిన పిల్లనల్లా పట్టుకుని చూపించేదాన్ని. బస్టాప్‌లో నా చేతిలో పుస్తకం చూసి పక్కకు తప్పుకున్న పిల్లలు కూడా ఉన్నారు.

నాకు దొరికిన వాళ్లందరిలోకీ గట్టి కన్ను ఒక అమ్మాయిది. కింద ప్యాకింగ్‌లో కట్టలు కట్టే ఆమె కూతురు. వాళ్లది పక్కనే ఉన్న పాల్మాకుల ఊరు. తండ్రి కొద్దిపాటి చేనూ రెండు బర్రెలూ చూసుకునేవాడు. తల్లి నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. ఆమె డబ్బాలో పచ్చిపులుసు ఉందంటే నా డబ్బా మూత కూడా తీసేదాన్ని కాదు. కూతురు శంషాబాద్‌లోనే ఇంటర్ చదివేది. కాలేజీ అయ్యాక మా దగ్గరికొచ్చి, తల్లి పని ముగిసేదాకా కూర్చుని, ఇద్దరూ కలిసి ఊరికి పోయేవాళ్లు. ఆ అరగంటా ఆ పిల్ల నాది.

మూడు లెక్కల్లో ఆ పిల్ల పేజీ మొత్తం తాగేసేది. ఎడమ మూల పట్టీ రంగు, పెట్టెలో రెండో వాక్యం, ఫొటోలో అబ్బాయి చొక్కాకు ఊడిన గుండీ, అన్నీ చెప్పేది. బాగోలేకపోతే మొహమాటం లేదు. పరీక్షల భయం మీద నేను చేసిన పేజీని చూసి, "దవాఖాన చీటీ లెక్కుంది మేడం, ఎవరు సదువుతరు?" అంది. నాకు కోపమొచ్చింది. ఆ పిల్ల వెళ్లాక మళ్లీ చూసుకుంటే నిజంగా దవాఖాన చీటీలాగే ఉంది. కూర్చుని మొత్తం మార్చాను.

మా పత్రికలో 'నీ దారి' అని ఒక పేజీ ఉండేది. ఏదో ఒక పనిలో కుదురుకున్న కుర్రవాణ్నో అమ్మాయినో తీసుకుని, ఏం చదివారు, ఎట్లా చేరారు, రోజు ఎలా గడుస్తుంది అని రాయించేవాళ్లం. లైన్‌మన్ వచ్చాడు, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది, ఒకసారి నర్సు వచ్చింది. నర్సు పేజీని ఈ పిల్ల కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకుందని తల్లి చెప్పింది. పోయి పోయి నర్సే కావాలని పట్టుబట్టింది. ఇంటరయ్యాక దరఖాస్తు పెట్టింది. సర్కారు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చిందని తెలిసిన రోజు తల్లి ప్యాకింగ్‌లో అందరికీ లడ్డూలు పంచి, నాకు మాత్రం పైకొచ్చి రెండు ఇచ్చింది. నా పేజీ చూసి ఒక పిల్ల నర్సవుతోందని నేను వారం రోజులు గర్వంతో ఊగిపోయాను.

ఆ వారంలోనే ప్రకటనల మేనేజరు నా టేబుల్ దగ్గరికొచ్చాడు. విమానాశ్రయంలో ఉద్యోగాలకు శిక్షణ ఇస్తామనే సంస్థ ఒకటి శంషాబాద్‌లో కొత్తగా తెరిచారు, పూర్తి పేజీ ఇస్తున్నారు, అయితే ఒక షరతు పెట్టారు అన్నాడు. కోస్తా వైపు మనిషి, ఎప్పుడూ మర్యాద తప్పేవాడు కాదు.

"ప్రకటనలా కనిపిస్తే పిల్లలు పేజీ తిప్పేస్తున్నారండీ. దీన్ని 'నీ దారి'లా చేసిపెట్టండి. అచ్చం అలాగే ఉండాలి."

డబ్బు తీసుకుని వేసే ప్రతి పేజీ మీదా 'ప్రకటన' అన్న మాట ఉండాలని మా ఎడిటర్ గారి నియమం. ఆ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేవారు. అడిగితే, ఆ మాట వెయ్యండి, మిగతాది మీ ఇష్టం అన్నారు, తలెత్తకుండానే. ఎక్కడ వెయ్యాలో, ఎంత సైజులో వెయ్యాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను వద్దన్నానని ఇక్కడ రాసుకుంటే చదవడానికి బాగానే ఉంటుంది. అనలేదు. ఆ సంస్థ వాళ్లు పంపిన ఫొటో మసకగా ఉంది, ఇంకోటి కావాలని మాత్రం గొడవపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు సరదాగా అనిపించింది. ప్రకటనను ప్రకటనలా కనిపించకుండా చేయడం ఎవరికైనా చేతనవుతుందా? నాకు చేతనవుతుంది. రెండు రోజులు కూర్చున్నాను. అదే పసుపు పట్టీ, అదే చేతిరాత శీర్షిక, అవే గుండ్రటి మూలల పెట్టెలు. ఎక్కడో కొన్న ఫొటోలో ఒక అమ్మాయి, మెడకు స్కార్ఫు, నవ్వు. ఆమె చూపు పేజీ బయటికి పోతోందని ఫొటోను తిప్పి, చూపు శీర్షిక మీద పడేలా చేశాను. కింద, మన శంషాబాద్ పక్క ఊరి అమ్మాయి అని వాళ్లు రాసిచ్చిన వాక్యం పెట్టాను. ఆ ఫొటోలో అమ్మాయి శంషాబాద్ పేరైనా విని ఉండదు.

ఇక ఆ మాట. పైన పెడితే కన్ను అక్కడే తగులుతోంది. కింద పెట్టినా కనిపిస్తోంది. చివరికి దాన్ని నిలువుగా తిప్పి, అతి చిన్న అక్షరాల్లో, లేత బూడిద రంగులో, పుస్తకం మడత పడే అంచుకు తోసేశాను. మా పుస్తకానికి పిన్నులు మడత పక్కగా, పై అట్ట నుంచి కింది అట్ట దాకా దిగుతాయి. పేజీ ఎంత విప్పినా ఆ అంచు లోపలికే పోతుంది. నియమం ప్రకారం మాట పేజీలో ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాలేజీ లేకపోయినా సాయంత్రం తల్లి కోసం ఆ పిల్ల వస్తే నమూనా పుస్తకం తెరిచి చూపించి, మూడు లెక్కపెట్టి మూశాను. గడగడా చెప్పేసింది. స్కార్ఫు రంగు, ఫోన్ నంబరులో సగం, మూడు నెలల ట్రైనింగు, ఇంటి నుంచే పోయి రావచ్చు, ఈ అక్క మన పక్క ఊరే. ఇంకేమైనా కనిపించిందా అని అడిగాను. లేదంది. మళ్లీ ఆలోచించి చెప్పమన్నాను. కళ్లు మూసుకుని ఆలోచించి, ఇంకేం లేదు మేడం అంది. ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంత కన్ను ఉన్న పిల్లకే దొరకలేదంటే ఇంకెవరికి దొరుకుతుంది? పేజీని అలాగే ప్రెస్సుకు పంపించాను.

పేజీ అద్భుతంగా పనిచేసింది. ఆ సంస్థకు ఫోన్లు ఆగలేదని మేనేజరు మైసూర్‌పాక్ డబ్బా తెచ్చాడు. ఎడిటర్ గారు కూడా ఒక ముక్క తిన్నారు. ఆ పిల్ల రావడం మానేసింది. నర్సింగ్‌లో చేరి హాస్టల్‌కు పోయి ఉంటుందనుకున్నాను. తల్లిని అడిగితే మొహమంతా నవ్వు చేసుకుని, తర్వాత చెప్తనక్కా అనేది. ఏదో తల్లి మురిపెం అనుకుని నేనూ తవ్వలేదు.

కొన్ని నెలల తర్వాత తల్లి మూడు రోజులు పనికి రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం తినే వేళకు నా దగ్గరికొచ్చి కూర్చుంది. డబ్బా తేలేదు. చేతిలో మా పుస్తకం ఉంది. అప్పుడు తెలిసింది, పిల్ల నర్సింగ్‌లో చేరనే లేదని. సర్టిఫికెట్లు పట్టుకుని ఫలానా తేదీలోగా రమ్మని కాలేజీ వాళ్లు చెబితే, అదే వారంలో ఈ సంస్థలో బ్యాచి మొదలైంది. నర్సింగ్ అంటే మూడేళ్లకు పైగా ఇల్లు విడిచి ఉండాలి. ఇదైతే మూడు నెలలు, ఇంటికి దగ్గర్లోనే కొలువు. తల్లి సందేహించిందట. పిల్ల ఈ పేజీ చూపించి, నర్సక్క సంగతి నిజమే కదా, ఇదీ గట్లనే అందట. చేరిన సంగతి నాకు చెప్పొద్దని తల్లి దగ్గర ఒట్టు వేయించుకుంది. ఉద్యోగం వచ్చాక ఆ స్కార్ఫు కట్టుకుని నా టేబుల్ ముందుకొచ్చి నిలబడి, మూడు లెక్కపెట్టుకొని ఏం కనిపించిందో చెప్పు మేడం అని నన్నే అడగాలని దాని సరదా.

సంస్థ వాళ్లు పిల్లలందరినీ ఒకసారి విమానాశ్రయం బయటి రోడ్డు దాకా తీసుకెళ్లి, వరసగా నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే బోర్డు పీకేసి వెళ్లిపోయారు. ఇంటి ఓనరుకు కూడా చెప్పలేదు.

తల్లి అరవలేదు. అప్పటికే మేనేజరు దగ్గరికి పోయి అడిగి వచ్చిందట. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, అది మేం రాసింది కాదమ్మా, ప్రకటన అని స్పష్టంగా వేశాం కదా అన్నాడట. ఆమె పుస్తకం నా ముందు పెట్టింది.

"అక్కా, గా మాట రాసే ఉన్నదట. పొద్దటి సంది దేవులాడుతున్న, నాకు కానస్తలేదు. జర సూపియ్యి."

వేలు పెట్టి చూపిద్దామని పుస్తకం విప్పాను. కనిపించలేదు. రెండు చేతులా అదిమి విప్పాను. అయినా లోపలే ఉంది. స్కేలు అంచుతో ఒక్కో పిన్నూ లేపి, కాగితం విడదీసి టేబుల్ మీద పరవాల్సి వచ్చింది. ఆమె వంగి, తలను పక్కకు తిప్పి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. చదివేదాకా ఓపిగ్గా నిలబడ్డాను, ఏదో పాఠం చెప్పేదానిలా.

"పుస్తకం చింపితెగానీ కనవడని కాడ ఎందుకు పెట్టిన్రక్కా?" అంది.

ఆ మాటను అక్కడ పెట్టింది నేనేనని చెప్పాను. ఆమె విడిపోయిన కాగితాలు జాగ్రత్తగా సర్దుకుని కిందికి పోయింది. ఆ రోజు నుంచి నన్ను అక్కా అనలేదు. మేడం అంది. డబ్బా కింద మిగతావాళ్లతో కూర్చుని తినేది.

నేను చేయగలిగిందేదో చేశాను, అదీ దండగే అయింది. పిల్లను వెంటబెట్టుకుని నర్సింగ్ కాలేజీకి పోయాను. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు, రిజిస్టరు తిప్పి చూపించాడు. ఆ సీటు తర్వాతి వరసలో ఉన్న ఎవరికో పోయింది. వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోమ్మా అన్నాడు. మేం మాట్లాడుతుంటే ఆ పిల్ల కిటికీలోంచి తెల్లకోట్లు వేసుకుని పోతున్న అమ్మాయిలను చూస్తూ నిలబడింది. మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టింది. రాలేదు. ఆ పైన పెట్టనంది.

ఎడిటర్ గారితో పోట్లాడి, ఆ పేజీ మాది కాదని, పాఠకులు మోసపోయారని నాలుగు ముక్కలు వేయించాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఒప్పుకున్నారు. కానీ మేనేజరు చూపించిన చోటు గళ్లనుడికట్టు జవాబుల కింద. ఆ చోట కుర్రకారు కన్ను ఒక్కనాడూ ఆగదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ అక్కడే సర్దాను. ఎవరూ చదవలేదు. ఉద్యోగం మానేయొచ్చు కదా అంటారేమో. మానలేదు. రిటైర్‌మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది, అదీ నా ధైర్యం.

ఇంతవరకూ ఒక మాట దాచాను. కాలేజీ పిల్లలకు చెప్పనట్టే మీకూ చెప్పకుండా ముగిద్దామనుకున్నాను. ఆ సాయంత్రం నమూనా మూసేశాక, ఇంకేం కనిపించలేదని చెప్పాక, ఆ పిల్ల నన్ను ఒకటి అడిగింది.

"మేడం, గీ అక్క నిజంగనే గక్కడ చేస్తదా?"

నేను అప్పటికి నా గొప్పలో నేనున్నాను. కంప్యూటర్ వైపు తిరిగి, "చెయ్యకపోతే మన పేజీలో ఎందుకేస్తామే?" అన్నాను. అంతే. ఆ సంస్థ వాళ్లు ఆ పిల్లకు ఏం చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పింది ఇది.

తర్వాత ఆ పిల్ల మా ప్యాకింగ్‌లోనే చేరింది, తల్లి పక్కనే. చిరునామాలు అంటించేది, కట్టలు కట్టేది. పైకి ఎప్పుడూ రాలేదు. నన్ను చూస్తే నమస్తే చెప్పేది, పక్కకు తప్పుకునేది. నాకు రిటైర్‌మెంట్ దగ్గరపడ్డాక ఒకరోజు సిగ్గు విడిచి కిందికి దిగాను. చేతిలో కొత్త సంచిక నమూనా ఉంది. నా చివరి 'నీ దారి'. ఆ పేజీలో మనిషి దగ్గరికి నేనే స్వయంగా పోయి, పని చేసేచోట ఫొటో తీయించి తెచ్చుకున్నాను. అంతా నిజం. ఒక్కసారి చూసి చెప్పమ్మా అన్నాను. బతిమాలుకున్నట్టే అడిగాను. తల్లి కట్టలు కట్టడం ఆపి మా ఇద్దరినీ చూసింది.

పిల్ల చేతులకున్న జిగురు ఓణీకి తుడుచుకుని వచ్చింది. నేను పేజీ తెరిచి ఎప్పట్లాగే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్ల ఫొటో చూడలేదు. శీర్షిక చూడలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, రెండు బొటనవేళ్లూ మధ్యలో పెట్టి, పిన్నులు ఊడి వచ్చేదాకా మడత విప్పింది. కన్ను దగ్గరగా పెట్టి, పైనుంచి కిందిదాకా ఆ అంచు మొత్తం చూసింది. నా లెక్క మూడు దాటిపోయింది, పది దాటిపోయింది.

"మడతల ఏం లేదు మేడం" అని పుస్తకం తిరిగిచ్చి, పనికి పోయింది.

పేజీలో ఏముందో నేను అడగలేదు. ఆ పిల్ల చూడలేదు.